పెళ్ళికూతురు పడని ఫోటోలు

ఆ గది మొదట ఊరగాయల గది. దానికి కిటికీ లేదు, వెలుతురు దూరే సందు లేదు. తలుపు వేస్తే పట్టపగలు కూడా ఎదురుగా పెట్టుకున్న చెయ్యి కనిపించదు. కల్యాణవల్లి తాత శ్రీమన్నారాయణ చంద్రగిరిలో ఫోటోల పని పెట్టినప్పుడు, ఇల్లంతా వెతికి, ఫోటోలు కడగడానికి ఆ గదే బాగుందన్నాడు. జాడీలు వంటింటి అటకెక్కాయి. అవ్వ పెరుందేవి గదిని ఇచ్చింది గానీ గది నియమాన్ని వదులుకోలేదు.

“ఊరగాయ పోయి ఫోటో వచ్చింది, అంతే. గది అదే గది. బయట చేరిన ఆడది ఆ గడప తొక్కకూడదు” అని ఆ రోజే చెప్పేసింది.

తాత నవ్వి ఊరుకున్నాడు. ఆ గదిలోకి పోయే ఆడవాళ్ళే ఆ ఇంట్లో లేరు కాబట్టి ఇరవై ఏళ్ళపాటు ఆ నియమం ఎవరికీ అడ్డు రాలేదు. వల్లి పెరిగి ఆ గదిలోకి పోవడం మొదలుపెట్టాకే వచ్చింది.

వల్లికి పదహారో ఏడు. నలుగురున్న చోట నోరు పెగలని పిల్ల. బడిలో హాజరు పిలిస్తే “ఉన్నాను సార్” అనడానికి కూడా గొంతు లేచేది కాదు. పక్కన కూర్చున్న పిల్లలు ఆమె బదులు పలికేవాళ్ళు. పదో తరగతి పాసయింది. పైచదువుకు తిరుపతి పోవాలంటే రోజూ బస్సెక్కాలి. నాయన ముకుందం బస్సుకు ఒప్పుకోలేదు, వల్లి గట్టిగా అడగనూ లేదు. చదువు పోయినా ఆమెకు ఆ చీకటి గది ఉంది. అక్కడ తనను ఎవరూ చూడరు. ఎర్ర దీపం కింద, తెల్ల కాగితం మీద ఒక మనిషి ముఖం మెల్లగా పైకి తేలుతుంటే, ఆ ముఖాన్ని ప్రపంచంలో అందరికన్నా ముందు తనే చూస్తుంది. అంతకన్నా ఆమె దేవుణ్ణి ఏమీ అడగలేదు.

పని నేర్పింది తాత. ఆయన పాత పెద్ద కెమెరాకు మీట లేదు, నొక్కే గుండీ లేదు. లెన్సుకు ఇత్తడి మూత ఉండేది. మూత తీయడం, లెక్కపెట్టడం, మూత పెట్టడం, అదే ఫోటో. గడియారం పెట్టుకోకుండా ఆయన గోవిందనామంతో లెక్క కట్టేవాడు. ఎండలో ఒక గోవిందా, మబ్బు పడితే మూడు, సాయంత్రమైతే ఎనిమిది. కొండ మీద గుండ్లు కొట్టించుకుని అలిపిరి దగ్గరికి దిగొచ్చిన యాత్రికులను వరసగా నిలబెట్టి, మొదట్లో పైకే అనేవాడట. ఆయన “గోవిందా” అనడం ఆలస్యం, అలవాటు కొద్దీ అందరూ చేతులు పైకెత్తి “గోవిందా!” అని అరిచేవాళ్ళు. ఫోటోలో గుండ్లకు బదులు మంచు కప్పినట్టు ఏదో పడేది. “నాలుగు అద్దం ప్లేట్లు తగలేసినాక, దేవుణ్ణి మనసులో తలుచుకోవడం నేర్చుకున్నానే” అని చెప్పి తనే ముందు నవ్వేవాడు.

ఎక్స్‌పోజర్ అంటే ఏమని వల్లి అడిగితే ఆయన ఆమెను వంటింట్లోకి తీసుకుపోయి పెనం చూపించాడు.

“మంట పెద్దదైతే దోసె తొందరగా తీయాల. మంట చిన్నదైతే ఉంచాల. లెన్సు రంధ్రం ఎంత తెరిస్తే అంత మంట. షట్టరు ఎంతసేపు తెరిచి ఉంటే పెనం మీద అంతసేపు. ఇంక పిండి ఉండాది చూడు, అది ఫిలుము. ఒక పిండి తొందరగా కాలుతుంది, ఒకటి నిదానంగా. ఈ మూడూ కుదిరితే ముఖం ముఖంలా వస్తుంది. లేకుంటే పచ్చి, కాకుంటే మాడు.”

ఇంకొకసారి మిట్టమధ్యాహ్నం ఆమెను చీకటి గదిలో నిలబెట్టి, తలుపులోని మేకు రంధ్రానికి అంటించిన కాగితం తీసేశాడు. ఎదురు గోడ మీద వీధి తలకిందులుగా నడిచింది. ఎద్దులబండి చక్రాలు పైన, ఎద్దుల వీపులు కింద. వల్లి మెడ వంచి, ఇంకా వంచి చూసింది.

“మొదట్లో కెమెరా అంటే ఇట్లాంటి గదేనంట. మనిషే లోపలికి పోయి బొమ్మను చూసేవాడు. ఆ తరవాత గదిని పెట్టెగా చేసినారు. ఆ పెట్టెలో రేకు పెట్టి, తెల్లారినప్పటినుంచి పొద్దు వాలేదాకా ఉంచితే ఒక్క బొమ్మ పడిందంట. ఆ తరవాత వెండి పూసిన రేకులు. మనుషులు కదలకుండా మెడ వెనక ఇనప కొక్కెం పెట్టేవాళ్ళంట. మా కాలానికి అద్దం పలకలు. మీ నాయన కాలానికి చుట్ట ఫిలుము. పెట్టె చిన్నదయ్యేకొద్దీ పనివానికి తొందర ఎక్కువైంది” అన్నాడు తాత.

ఆయన పోయి రెండేళ్ళయింది. నాయన ముకుందం వాడేది రెండు కళ్ళ కెమెరా. మెడలో వేసుకుని, పైనుంచి తొంగిచూసి తీసేది. పదిహేనేళ్ళు దానితోనే పెళ్ళిళ్ళు తీశాడు. చీకట్లో ఫ్లాష్ పెట్టి తీయాలంటే షట్టరు అంకె నూట ఇరవై ఐదు మీద పెట్టేవాడు. ఆ అంకె ఆయన చేతికి కంఠతా వచ్చిన శ్లోకం. ఒక్క ఫోటో తప్పిపోయేది కాదు.

పంతొమ్మిది వందల ఎనభై ఒకటిలో ఆయన మద్రాసుకు పోయి కొత్త రకం కెమెరా తెచ్చాడు. ఎవరో వాడి అమ్మినదే గానీ చంద్రగిరికి కొత్తదే. కంటి దగ్గర పెట్టుకుంటే లెన్సు చూసేదే మనకూ కనిపిస్తుంది. ఒక రీలుకు ముప్పై ఆరు ఫోటోలు. అంగడివీధిలో నలుగురినీ ఆపి చూపించాడు. అట్టపెట్టెలో దానితోపాటు వచ్చిన చిన్న పుస్తకాన్ని మాత్రం తీసి చూడలేదు. ఫోటోలు తీయడం పుస్తకం చూసి నేర్చుకునే వయసా తనది?

ఆ కెమెరాతో తీసిన మొదటి పెళ్ళి పూతలపట్టులో. బెల్లం వర్తకుడు గోవిందయ్య పెద్దకూతురు మునిలక్ష్మిది. ముహూర్తం తెల్లవారుజామున. నాయన రెండు రీళ్ళు తెచ్చి, “జాగ్రత్తగా కడుగు. పెద్ద ఇల్లు” అని వల్లి చేతికిచ్చి పడుకున్నాడు.

వల్లి మందు కలిపింది. వేడి చూసుకుంది. డబ్బాలో రీళ్ళు తిప్పి, బొమ్మ చెరిగిపోకుండా నిలబెట్టే హైపో మందులో ముంచి, నీళ్ళలో కడిగి, తడి ఫిలుమును తలుపు దగ్గరికి తెచ్చి వెలుతురుకు ఎత్తి చూసింది.

మొదటి పది ఫోటోలు సాయంత్రం పొద్దుండగా తీసినవి. పెళ్ళివారు దిగడం, ఎదురుకోలు, పందిరి గుంజలు. అన్నీ నిండుగా ఉన్నాయి. పదకొండో ఫోటో నుంచి ఒక పక్క ఏమీ లేదు. అద్దంలా తెల్లగా ఉంది. ఫిలుము మీద తెల్లగా ఉంటే కాగితం మీద నల్లగా వస్తుంది. మధ్యలో ఎవరో స్కేలు పెట్టి గీసినట్టు నిలువునా గీత. గీతకు ఇవతల పెళ్ళికొడుకు, పురోహితుడు, గోవిందయ్య. గీతకు అవతల పెళ్ళికూతురు ఉండాలి. లేదు. తాళి కట్టేటప్పుడు లేదు, తలంబ్రాలప్పుడు లేదు. పెళ్ళికొడుకు చేతులు చీకట్లోకి పోయి అక్కడే ఆగిపోయాయి. రెండో రీలూ అంతే.

వల్లి ఫిలుములు తీగకు తగిలించి, ముఖం కడుక్కుందామని పెరట్లోకి పోయింది. అప్పుడు తెలిసింది, తను బయట చేరిందని.

చెప్పకుండా ఉండొచ్చు. ఆ ఇంట్లో పెరిగిన పిల్లకు అది తోచలేదు. అవ్వ దగ్గరికి పోయి, దూరంగా నిలబడి, తల వంచుకుని చెప్పింది. ఎప్పటిలాగే పెరటి చివర కట్టెల కొట్టంలో చాప వేసుకుని కూర్చుంది. అమ్మ వకుళాదేవి నీళ్ళ చెంబు, విస్తరాకులు దూరంగా పెట్టి పోయింది.

గంట తరవాత ఇంట్లోంచి నాయన కేక వినిపించింది. ఆ వెనకే అవ్వ గొంతు.

“ఎప్పుడు కడిగింది?”

“పొద్దున్నే.”

“అయితే ఇంకేమి చూస్తావురా! ఆ పిల్ల అట్లుండే గదిలోకి పోయింది. మందు ముట్టుకుంది. ఆవకాయకు బూజు పట్టదా, వడియాలు ఎర్రబారవా? ఇదీ అంతే. ఇరవై ఏండ్లుగా చెప్తాండాను, వింటారా ఎవురైనా?”

నాయన ఏమన్నాడో వినపడలేదు.

వల్లి ఆ మధ్యాహ్నమంతా అన్నం ముట్టుకోలేదు. నిజంగానే తన వల్లే చెడిందేమోనని మొదట ఆమె కూడా భయపడింది. అయితే ఆ గీత ఆమెను వదల్లేదు. బూజు గీత గీసుకుని పడుతుందా? కుండలో పాలు విరిగితే సగం విరిగి సగం బాగుంటాయా? అమ్మ తిరిగి వచ్చినప్పుడు కెమెరా అట్టపెట్టెలోని పుస్తకం, తన బడి నిఘంటువు తెచ్చి పెట్టమంది. అమ్మ అటూ ఇటూ చూసి తెచ్చి పడేసింది.

పుస్తకం ఇంగ్లీషు. బొమ్మలున్నాయి. మాట మాటకూ నిఘంటువు తిప్పుతూ, మరునాటి పొద్దుటికి ఒక పుట పూర్తి చేసింది. చదివేకొద్దీ వీపు నిటారైంది. పాత కెమెరాలో షట్టరు లెన్సులోనే ఉండేది. పువ్వులా మొత్తం విచ్చుకుని మొత్తం ముడుచుకునేది. ఏ అంకె మీద పెట్టినా ఫ్లాష్ మెరిసేటప్పటికి అది పూర్తిగా తెరిచే ఉండేది. కొత్త దానిలో ఫిలుము ముందర రెండు గుడ్డ తెరలు. మొదటిది పక్కకు పోతే ఫిలుము తెరుచుకుంటుంది, రెండోది దాని వెనకే పోయి మూసేస్తుంది. తొందర అంకె పెడితే మొదటి తెర పూర్తిగా పోకముందే రెండోది బయలుదేరుతుంది. ఫ్లాష్ మెరిసేది కంటిరెప్పపాటు కూడా కాదు. ఆ క్షణంలో ఎంత సందు తెరిచి ఉంటే అంతే పడుతుంది. అందుకే ఫ్లాష్ పెట్టినప్పుడు అరవై దాటకూడదు. మరిచిపోకుండా ఆ ఒక్క అంకెను కెమెరా మీద ఎర్రగా వేశారు.

నాయన పెరట్లోకి వచ్చినప్పుడు ఆమె పిలిచింది. ఆయన నాలుగడుగుల దూరంలో ఆగాడు.

“నాయనా, మందు చెడలేదు. మందు చెడుంటే రీలంతా చెడాల గదా. పగలు తీసినవి చూడు, ఎంత బాగుండాయో. అవీ ఇవీ ఒకే డబ్బాలో, ఒకే మందులో కడిగినా.”

వల్లి రెండు విస్తరాకులు తీసుకుంది. కొట్టం గోడ మీద ఎండ పడే చోట ఒక ఆకును అడ్డం పెట్టి పక్కకు జరిపింది. అది పోతుండగానే రెండో ఆకును దాని వెనకే జరిపింది. రెండు ఆకుల మధ్య బెత్తెడు ఎండ గోడ మీద పరుగెత్తింది.

“ఫ్లాష్ ఈ సందులోనే పడింది నాయనా. నువ్వు నూట ఇరవై ఐదు పెట్టినావు. దీంట్లో అరవై పెట్టాల. పుస్తకంలో రాసుండాది.”

ముకుందం గోడనే చూస్తూ నిలబడ్డాడు. ఆయన కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు గాలిలో మెల్లగా తిరిగాయి, కెమెరా మీది గుండ్రని మీటను తిప్పినట్టు. ఆయనకు అర్థమైందని వల్లికి తెలిసిపోయింది.

“ఈ మాట అవ్వతో చెప్పినావా?”

“లేదు.”

“చెప్పద్దు.”

తానే చెప్తాడు కాబోలు అనుకుంది వల్లి. ఆ పూట కడుపు నిండా అన్నం తిన్నది.

నాయన తానే కాగితం మీద వేసి పంపిన ఫోటోలు పట్టుకుని మూడోనాడు గోవిందయ్య వచ్చాడు. వెంట ఇద్దరు బంధువులు. కట్టెల కొట్టానికి, ముందు పంచకు మధ్య ఒక్క ఇటుకల గోడ. ప్రతి మాటా వల్లికి వినిపించింది.

“ఏంది సామీ ఇది? మా పిల్ల పెండ్లి జరిగినట్టా, జరగనట్టా? ఈ ఫోటోలు సూస్తే అల్లుడు గాలికి తాళి కట్టినట్టుండాది!”

“కూర్చోప్పా, కూర్చో.”

“కూర్సునేది యాడ? ఊర్లో ఏమంటాండారో తెలుసునా నీకు? తాళి కట్టేటప్పుడు పెండ్లికూతురు ఫోటోలో పడలేదంటే ఆ పిల్ల ఆ ఇంట్లో నిలవదంట. మా వియ్యపురాలు మూతి ముడుసుకోని కూర్సునుండాది. కొత్త కెమెరా, కొత్త కెమెరా అని ఊరంతా దండోరా ఏసుకుంటివే! నీకు సేత కాదని ముందే సెప్పుంటే తిరపతి నుంచి ఇంకొకరిని పిలుసుకుందును గదా.”

వల్లి గోడకు చెవి ఆనించింది. ఇప్పుడు చెప్తాడు అనుకుంది. కొత్త కెమెరా అప్పా, అంకె తప్పు పెట్టినా అంటాడు. ఒక్క మాట.

“నా చేతిలో తప్పు లేదప్పా” అన్నాడు ముకుందం. “నేను బాగానే తీసినాను. ఇంట్లో అంటు కలిసింది. మా పాప బయట చేరి, చూసుకోకుండా గదిలోకి పోయి కడిగింది. మందు విరిగిపోయింది.”

“నేను మొత్తుకుంటానే ఉండాను” అంది అవ్వ లోపలినుంచి.

గోవిందయ్య గొంతు ఉన్నట్టుండి మెత్తబడింది. “ఓ, అట్లనా! ఆ మాట ముందే సెప్పకూడదా సామీ. మేమేమన్నా తెలీనోళ్ళమా? బెల్లం కాసే పొయ్యి కాడికి అట్లాంటప్పుడు మా ఆడోళ్ళను రానీము. నీడ పడినా పాకం ముద్ద కట్టదు. పోయినేడు ఒక పెనం అట్లే పోయింది. మనిషి తప్పయితే అడగొచ్చు, దీన్ని ఎవురిని అడుగుతాము?”

బంధువుల్లో ఒకడు “ఇప్పుడు యాడుండాది ఆ పాప?” అన్నాడు. “పెరట్లో” అన్నాడు ముకుందం.

వల్లి గోడ దగ్గరనుంచి జరిగి, మోకాళ్ళలో తల పెట్టుకుంది. అమ్మకు చెప్పడానికే సిగ్గుతో చచ్చే మాట. ఇప్పుడు పూతలపట్టు బెల్లం మండీలో ముగ్గురు మగవాళ్ళకు తెలుసు. రేపు ముప్పై మందికి తెలుస్తుంది. తాను వీధిలో పోతుంటే చూసి, రోజులు లెక్కపెట్టుకుంటారు.

గోడ అవతల గోవిందయ్య లేస్తూ అంటున్నాడు. “పోనీలే సామీ. వచ్చే నెల మా తమ్ముని బిడ్డ పెండ్లి ఈడనే చంద్రగిరి సత్రంలో. నువ్వే తియ్యాల. అయితే ఆ పాపను మాత్రం...”

“ఇంక గదిలోకి రానీనప్పా.”

నాలుగోనాడు తలస్నానం చేసి ఇంట్లోకి వచ్చేసరికి చీకటి గది తలుపుకు తాళం ఉంది. నాయన ముందు పంచలో కెమెరా తుడుచుకుంటున్నాడు. వల్లి చాలాసేపు స్తంభం దగ్గర నిలబడింది.

“ఎందుకట్ల చెప్పినావు నాయనా?”

ఆయన తలెత్తలేదు. “నా చెయ్యి మంచిది కాదని పేరొస్తే ఇంట్లో పొయ్యి వెలగదు. నిన్ను అనుకుంటే ఏమైతుంది? నాలుగు రోజులు అనుకుంటారు, మరిచిపోతారు.”

“గదిలోకి?”

“కొన్నాళ్ళు ఆగు.”

ఆ కొన్నాళ్ళలో ఫోటోలు నాయనే కడిగాడు. ఆయనకు దగ్గరి చూపు మందగించి చాలా రోజులైంది. ఆ సంగతి ఇంట్లో వల్లికి తప్ప ఎవరికీ తెలియదు. తలుపు అవతలనుంచి డబ్బా తిప్పే చప్పుడు వింటూ ఆమె లోపల లెక్కపెట్టేది. ఎక్కువ తిప్పుతున్నాడు. ఇప్పుడు హైపో తొందరగా పోశాడు. గుడి ఉత్సవం ఫోటోలు చారికలు పడి వచ్చాయి. ఒక ముసలామె ముఖం బొగ్గులా వచ్చింది. అవి ఎవరి అంటువల్ల చెడ్డాయని అవ్వ అడగలేదు.

సత్రంలో పెళ్ళినాటికి వల్లి మళ్ళీ కొట్టంలో ఉంది. పొద్దు వాలుతుండగా నాయన భుజానికి సంచీతో పెరట్లోకి వచ్చాడు. బావి దగ్గర కాసేపు ఊరకే నిలబడ్డాడు. తరవాత కొట్టం వైపు తిరిగి, గొంతు తగ్గించి అడిగాడు.

“ఆ ఎర్ర అంకె... ఎన్నోది?”

“చెప్పినా గదా నాయనా. అరవై.”

“తెలుసులే. యాడుండాదో కానరాలేదు. అన్నీ నల్లగానే ఉండాయి నా కండ్లకు.” కెమెరాను ముఖానికి దగ్గరగా, దూరంగా పట్టుకుని చూశాడు. మీట తిప్పాడు. “ఇదేనా?”

“ఈడనుంచి కనపడదు.”

మళ్ళీ తిప్పాడు. మీట టక్కుమని ఒక అంకె దాటింది, ఇంకొకటి దాటింది. ఆయన నుదుటి మీద చెమట పట్టింది. వంటింటి వైపు చూశాడు. అవ్వ కనిపించలేదు. గబగబా నాలుగడుగులు ముందుకొచ్చి, కెమెరాను బట్టలుతికే బండ మీద పెట్టి, వెనక్కి జరిగి నిలబడ్డాడు.

వల్లి ఒక్క క్షణం ఆలోచించింది. ముట్టుకోను అనొచ్చు. అంటుకదా అనొచ్చు. ఈరోజు సత్రంలో ఇంకొక పెళ్ళికూతురు చీకట్లో పడిపోతే, ఆ తప్పు తనది కాదని లోకానికి తెలిసిపోతుంది. గదికి తాళం వేసి ఉంది, తను దానివైపే పోలేదు. ఆ ఆలోచన ఆమెకు వచ్చింది. వచ్చినందుకు భయం కూడా వేసింది. తెల్లారితే ముఖం నల్లబడిపోయే ఆ ఎవరో పిల్ల గుర్తొచ్చింది.

లేచి వచ్చి కెమెరా తీసుకుంది. మీటను ఎర్ర అంకె మీదికి తిప్పింది. “ఇంక దీన్ని తెల్లారేదాకా కదిలించద్దు నాయనా. పది అడుగుల దూరంలో నిలబడితే లెన్సు ఇంత చాలు” అని రంధ్రం కూడా సరిచేసింది. నెల రోజులయింది కెమెరా పట్టుకుని. కంటికి ఆనించుకుని చూసింది. చిన్న చట్రంలో నాయన నిలబడి ఉన్నాడు, ఎటు చూడాలో తెలియని మనిషిలా.

కెమెరాను బండ మీద పెట్టి వెనక్కి పోయింది. నాయన ముందుకు వచ్చాడు. కెమెరా తీసుకోబోయి ఆగాడు. బావి గట్టున ఉన్న చెంబులోంచి గుప్పెట్లో నీళ్ళు తీసుకుని, కెమెరా మీద మూడుసార్లు చల్లాడు. అప్పుడు ముట్టుకున్నాడు.

వల్లి “లెన్సు మీద చుక్క పడింది, తుడువు” అంది.

ఆ పెళ్ళి ఫోటోలు బాగా వచ్చాయి. మందు ఎక్కువై కొన్ని కాస్త ముదురుగా ఉన్నా, పెళ్ళికూతురు ఉంది, పెళ్ళికొడుకు ఉన్నాడు, తాళి ఉంది, తలంబ్రాలు గాలిలో ఆగి ఉన్నాయి. ఇంటికి తెచ్చి పరిచిన ఫోటోలను అవ్వ ఒక్కొక్కటే ఎత్తి చూసింది.

“ఇప్పుడేమంటావు? నేను చెప్తే చాదస్తమంటిరి. ఆ పిల్లను గదిలోకి రానీకుండా చేస్తే ఎంత చక్కగా వచ్చినాయో కానరాలేదా?”

ముకుందం ఫోటోల అంచులు కత్తిరిస్తున్నాడు. కత్తెర ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ కదిలింది.

“అవునమ్మా” అన్నాడు.

పది రోజులకు గోవిందయ్య తమలపాకులు, అరటిపళ్ళు, కొత్త బెల్లం అచ్చులు మోయించుకుని వచ్చాడు. పంచలో కూర్చుని నవ్వుతూ మాట్లాడాడు. “నీ సెయ్యి బంగారం సామీ! మా తమ్ముడు ఎగిరి గంతేసినాడు. సూస్తివా, ఇంట్లో అన్నీ శుద్ధిగా పెట్టుకుంటే పని దానంతటదే కుదురుతాది.”

అవ్వ చెప్తే వల్లి మజ్జిగ గ్లాసు తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఆయన ఆమెను పైనుంచి కిందికి చూశాడు. కోపంతో కాదు, మంచితనంతోనే.

“ఈ పాపేనా? ఏమి తల్లీ, ఇంక ఆ గది దిక్కు పోవాకు. మీ నాయన పేరు నిలబెట్టు.”

వల్లి నేల చూసింది. నాయన వైపు చూడాలనుకుంది గానీ, ఆయన చూపు అక్కడ ఉండదని ఆమెకు తెలుసు.

గోవిందయ్య మజ్జిగ తాగి మీసాలు తుడుచుకున్నాడు. “శ్రీకాళహస్తిలో మా బామ్మర్ది ధనంజయకు గూడా ఫోటోల అంగడే సామీ. ఈ నడుమ నాలుగు రీళ్ళు సెడినాయని ఏడుస్తాండాడు. వాని పెండ్లామే లోపల ఫోటోలు కడుగుతాది. నీ సంగతి సెప్తిని. ఎంటనే ఆ యమ్మిని ఆపేసి, గదికి బీగం ఏస్తానన్నాడు. నీ పుణ్యాన ఇంకొక సంసారం నిలబడింది.”

వల్లి తలెత్తింది. ఫోటోలు కడిగే ఆడది ఇంకొకతె ఈ జిల్లాలో ఉందని ఆమె ఎన్నడూ వినలేదు. ముప్పై మైళ్ళ అవతల, ఇంకొక చీకటి గదిలో, ఇంకొక ఎర్ర దీపం కింద. నిన్నటిదాకా.

బయటివాళ్ళతో ఎప్పుడూ నోరు విప్పని పిల్ల అడిగింది.

“ఆమె పేరేమి?”

గొంతు తనది కానట్టు పెద్దగా వచ్చింది. అవ్వ లోపలినుంచి తొంగిచూసింది. గోవిందయ్య నవ్వాడు.

“పేరా? ఏమో తల్లీ, నాకు తెల్దు. ధనంజయ పెండ్లామనే అంటాము.”

ఆయన తాంబూలం మడుచుకున్నాడు. నాయన సున్నపు డబ్బీ ఆయన వైపు జరిపాడు.